సాలిస్‌బరీ స్టేషన్‌లో దిగితే స్టోన్‌హెంజ్ కనబడదండీ!

ఇంగ్లండ్‌లో లండన్, రీడింగ్ వైపు ఉండే మన తెలుగు కుటుంబాలకు సాలిస్‌బరీ ఊరు చూపించడం నా పని. ఎక్కువగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు పిల్లలు ఫోన్ చేస్తారు. చాలామంది మొదట అడిగేది ఒకటే: "స్టేషన్ నుంచి రాళ్ళ దగ్గరికి ఎంతసేపు నడవాలి?"

నడవలేరు. స్టోన్‌హెంజ్, అంటే వేల ఏళ్ళ నాటి ఆ పెద్ద రాళ్ళ వలయం, సాలిస్‌బరీ ఊళ్ళో లేదు, ఊరికి ఉత్తరాన దాదాపు 14 కిలోమీటర్ల దూరంలో, ఏమ్స్‌బరీ దగ్గర మైదానంలో ఉంది. అక్కడికి రైలు లేదు. స్టేషన్ నుంచి టూర్ బస్సు ఎక్కాలి, లేదా టాక్సీ మాట్లాడుకోవాలి, లేదా సొంత కారు ఉండాలి. పోనీ అక్కడికి వెళ్ళగానే రాళ్ళు ఎదురుగా ఉంటాయా అంటే అదీ లేదు. టికెట్లు చూసే విజిటర్ సెంటర్‌కీ రాళ్ళకీ మధ్య రెండు కిలోమీటర్ల పైమాటే, మళ్ళీ అక్కడ షటిల్ బస్సు. టికెట్ మీద టైమ్ ఉంటుంది కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడం మంచిది. రాళ్ళను ముట్టుకుని ఫొటో దిగుదామనుకుంటారు, అదీ కుదరదు. తాడు కట్టిన దారి వెంబడి చుట్టూ తిరగాలి. వలయం లోపలికి వెళ్ళాలంటే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ విడిగా అమ్మే ప్రత్యేక టికెట్ ఉండాలి. ఇవన్నీ కలిపితే స్టోన్‌హెంజ్‌కే నాలుగు గంటలు పోతాయి.

ఇది తెలియకపోవడం వల్ల టాక్సీ డబ్బులు పోతే పోనీ అనుకోవచ్చు, అసలు నష్టం వేరే ఉంది. ఊళ్ళో సాలిస్‌బరీ కేథడ్రల్ అనే పెద్ద చర్చి ఉంది. "ముందు రాళ్ళు చూసేద్దాం, వచ్చేటప్పుడు చర్చి చూద్దాం, చర్చి ఎక్కడికి పోతుంది" అనే ప్లాన్ వేస్తారు. చర్చి ఎక్కడికీ పోదు, తలుపులు మూస్తారు. మామూలు రోజుల్లోనే సాయంత్రం నాలుగు దాటితే సందర్శకులను లోపలికి పంపడం కష్టం. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి కాబట్టి చూడ్డానికి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం దాకా ఆగాలి, సాయంత్రం తొందరగానే ముగుస్తుంది. అది మ్యూజియం కాదు, రోజూ పూజ జరిగే చోటు. ఏదైనా పెద్ద కార్యక్రమం ఉంటే ఆ రోజు వేళలు మారిపోతాయి కూడా.

ఒక నవంబరు ఆదివారం ఒకబ్బాయి నాకు స్టేషన్ బయట నుంచి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం రైలుకు తల్లిదండ్రులతో దిగాడు, రాళ్ళు ఎటో తెలియడం లేదు. నేను ఆ రోజు వేరే వాళ్ళతో ఉన్నాను. టాక్సీ పట్టుకుని వెళ్ళారు, చలిలో వణుకుతూ ఓ చుట్టు తిరిగారు, వెనక్కి వచ్చేసరికి చీకటి పడిపోయింది. వాళ్ళ నాన్నగారు గుంటూరు జిల్లాలో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారట. ఇంగ్లండ్ రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా పత్రం గురించి జీవితమంతా పిల్లలకు చెప్పిన మనిషి. 1215 నాటి మాగ్నా కార్టా అసలు ప్రతులు ప్రపంచంలో నాలుగే మిగిలాయి, వాటిలో బాగా నిలిచిన ప్రతి ఈ కేథడ్రల్‌లోనే ఉంది. సాయంత్రం ప్రార్థనకు వాళ్ళను లోపలికి రానిచ్చారు గానీ, ఆ ప్రతి ఉండే చాప్టర్ హౌస్ అనే మందిరం అప్పటికే మూసేశారు. మర్నాడు ఆ అబ్బాయి నాకు ఫోన్ చేసి "నాన్న రాళ్ళ గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదండీ" అన్నాడు. తప్పు అతనిది కాదు. వాట్సాప్‌లో తిరిగే "ఒక్క రోజులో స్టోన్‌హెంజ్, సాలిస్‌బరీ, బాత్" ప్లాన్లు రాసేవాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలి.

కాబట్టి ఒక్కరోజే ఉంటే నా మాట వినండి. లండన్ వాటర్లూ నుంచి రైలు దాదాపు గంటన్నర. పొద్దున్నే బయల్దేరి దిగండి, స్టేషన్ నుంచి కేథడ్రల్‌కు పది పదిహేను నిమిషాల నడక. ముందు అది చూడండి. స్టోన్‌హెంజ్‌కు మధ్యాహ్నం స్లాట్ తీసుకోండి. ఆదివారమైతే తిరగేయండి. బయల్దేరే ముందు రోజు రెండు చోట్లా వేళలు వెబ్‌సైట్లలో ఒకసారి చూసుకోండి, చాలు.

నన్ను అడిగే మిగతా ప్రశ్నలకు గబగబా జవాబులు చెప్పేస్తాను.

"దేవుడి గుడికి టికెట్టేంటి?" తిరుమలలో మూడు వందల దర్శనం టికెట్ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే మనమే ఈ మాట అంటాం! టికెట్ చూడ్డానికి, ప్రార్థనకు కాదు. సాయంత్రం జరిగే ఈవెన్‌సాంగ్‌కు ఎవరైనా ఊరికే వెళ్ళి కూర్చోవచ్చు. పిల్లల గాయక బృందం పాడుతుంది. ఆడపిల్లలకు విడిగా బృందం పెట్టిన మొదటి ఇంగ్లిష్ కేథడ్రల్ ఇదే, 1991లో. భాష అర్థం కాకపోయినా పెద్దవాళ్ళకు బాగా నచ్చుతుంది, మోకాళ్ళకు విశ్రాంతి కూడా.

"మేం హిందువులం, రానిస్తారా? బొట్టు తీసేయాలా?" ఈ ప్రశ్న అడిగేవాళ్ళ మీద నాకు విసుగు రాదు. పరాయి దేశంలో ఎవరైనా ఏమైనా అంటారేమోనని పెద్దవాళ్ళకు ఉండే భయం నాకు తెలుసు. బొట్టు, చీర, పంచె, ఏదైనా సరే. చెప్పులు విప్పక్కర్లేదు, గుమ్మం దగ్గర అలవాటుగా వంగి విప్పబోయే అమ్మలను నేనే ఆపుతుంటాను. లోపల మధ్యలో 2008లో పెట్టిన బాప్టిజం తొట్టి ఒకటుంది. నీళ్ళు అంచుదాకా నిండి, కదలకుండా, పైకప్పు మొత్తం అందులో కనబడుతుంది. అద్దం బల్ల అనుకుని బ్యాగులు, ఫోన్లు పెట్టబోయేవాళ్ళున్నారు, జాగ్రత్త. నాతో వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం వేళ్ళు ముంచి తీర్థంలా తలమీద చల్లుకుంది. పక్కనున్న వాలంటీరు ఏమీ అనలేదు, నవ్వింది.

"ఆ శిఖరం ఒరిగింది, పడిపోతుందట." ఒరిగిన మాట నిజమే, 70 సెంటీమీటర్ల పైనే. కానీ ఇంగ్లిష్ వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ 1668లో కొలిచినప్పటికే ఒరిగి ఉంది. 123 మీటర్ల ఎత్తు, బ్రిటన్‌లో ఇంతకంటే ఎత్తైన చర్చి శిఖరం లేదు. కింద పునాది చూస్తే మీటరు పైచిలుకే! గులకరాళ్ళ పొర మీద నిలబడింది, ఆ పొర తడిగా ఉండాలి. అందుకే నేలలో ఒక చిన్న మూత తీసి, పొడవాటి కర్ర దించి నీటిమట్టం చూస్తారు. కర్ర పైకి తీసినప్పుడు తడి ఎక్కడిదాకా ఉందో వేలితో చూపిస్తారు, అడిగి చూడండి. అలాగే శిఖరం కింద నిలబడి తల పూర్తిగా పైకెత్తి స్తంభాలు చూడండి, బరువుకు వంగి ఉంటాయి. టవర్ పైకి 332 మెట్లు, లిఫ్ట్ లేదు, మెట్లదారి ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను మొహమాటపెట్టి ఎక్కించకండి.

"మాగ్నా కార్టా మీద రాజు సంతకం ఎక్కడ?" లేదు. జాన్ రాజు వేయించింది ముద్ర, ఈ ప్రతికి అదీ ఇప్పుడు లేదు. ఫొటోలు తీయనివ్వరు, గొడవపడకండి. 2018లో ఒకడు సుత్తి తెచ్చి అద్దం పగలగొట్టబోయాడు, వాళ్ళ జాగ్రత్త వాళ్ళది.

"ప్రపంచంలో పాతదంటున్న ఆ గడియారం ఎక్కడా కనబడలేదు." మీరు దాని పక్కనుంచే వెళ్ళారు. 1386 నాటిదంటారు, దానికి ముల్లుల్లేవు, అంకెల్లేవు. ఇనప చట్రం, పళ్ళ చక్రాలు, తాళ్ళు, అంతే. గంట కొట్టడమే దాని పని.

"అక్కడ విషప్రయోగం జరిగిందిగా, నీళ్ళు తాగొచ్చా?" 2018 మార్చిలో ఈ ఊళ్ళో ఒక రష్యా మాజీ గూఢచారి మీద నోవిచోక్ అనే విషం ప్రయోగించింది నిజమే. తర్వాత నెలల తరబడి ఆ చోట్లన్నీ శుభ్రం చేశారు. నిశ్చింతగా తాగండి. ఆ కేసులో పేర్లొచ్చిన ఇద్దరు రష్యన్లూ టీవీలో, మేం 123 మీటర్ల శిఖరం చూడ్డానికే వెళ్ళామన్నారు. ఎత్తు మాత్రం సరిగ్గానే చెప్పారు.

"కేథడ్రల్ అయిపోయాక ఇంకేముంది?" కేథడ్రల్ చుట్టూ ఉన్న ఆవరణను క్లోజ్ అంటారు, అందులో ఊరికే నడవచ్చు, టికెట్ లేదు. తర్వాత క్వీన్ ఎలిజబెత్ గార్డెన్స్ నుంచి హార్నమ్ వైపు పచ్చికల మధ్య కాలిబాట ఉంది, చదునైన దారి, శిఖరం అక్కడి నుంచే బాగా కనబడుతుంది. పులిహోర డబ్బా తెచ్చుకుంటే బయట పచ్చికలో తినండి, లోపల వద్దు. కారులో వచ్చేవాళ్ళు మంగళవారం, శనివారం మార్కెట్ రోజులని గుర్తుపెట్టుకుని, ఊళ్ళో పార్కింగ్ కోసం తిరగకుండా ఊరి అంచున ఉండే పార్క్ అండ్ రైడ్‌లో కారు ఆపి బస్సెక్కండి.