సూపర్‌మ్యాన్ 2: అరువు పోయిన క్లైమాక్స్

పాత సూపర్‌మ్యాన్ సినిమాలు కొత్త డిస్కులుగా వచ్చిన ప్రతిసారీ ఒకటే పంచాయితీ. రెండో భాగం ఏది చూడాలి? రిచర్డ్ లెస్టర్ పేరుతో థియేటర్లకు వచ్చిందా, పాతికేళ్ళ తర్వాత, మొదటి భాగం తీసిన రిచర్డ్ డోనర్ పేరుతో డీవీడీగా వచ్చిందా? 2023లో వార్నర్ బ్రదర్స్ 1978 నుంచి 1987 దాకా వచ్చిన సినిమాలను 4కెలో ఒకే సెట్టుగా అమ్మినప్పుడు రెండో భాగం రెండు వెర్షన్లూ అందులో పెట్టింది. ఏది అసలుదో కంపెనీ తేల్చలేదు, కొన్నవాళ్ళకే వదిలేసింది. 2025లో జేమ్స్ గన్ కొత్త సూపర్‌మ్యాన్ వచ్చాక పాతవి తీసి చూసినవాళ్ళు ఈ ఫైలు మళ్ళీ తెరిచారు.

సూపర్‌మ్యాన్ తండ్రిగా వేసిన మార్లన్ బ్రాండోకి ఇచ్చిన పారితోషికం, సూపర్‌మ్యాన్‌గా క్రిస్టఫర్ రీవ్ ఎంపిక, తీగలు కట్టి ఎగిరించిన తిప్పలు అందరికీ తెలిసినవే. వాటి జోలికి వెళ్ళడం లేదు. ఇప్పటి గొడవంతా ఒక్క ఫిర్యాదు చుట్టూ తిరుగుతోంది. డోనర్ పేరుతో వచ్చిన వెర్షన్, అంటే డోనర్ కట్ చివర్లో సూపర్‌మ్యాన్ భూమి చుట్టూ తిరిగి కాలాన్ని వెనక్కి తిప్పేస్తాడు. మొదటి భాగం చివర్లో చేసిందీ అదే. వరుసగా రెండు సినిమాలు చూసినవాడికి ఇదేం చోద్యం అనిపించదా?

డోనర్ అభిమానుల జవాబు ఒకటుంది: ఆ క్లైమాక్స్ రాసింది రెండో భాగానికే, మొదటి భాగమే దాన్ని లాక్కుంది. నిజమే. కానీ అందులోనే అసలు తిరకాసు ఉంది. లాక్కున్నది ఎవరు?

ఈ కథ చెప్పేవాళ్ళు ఎక్కువమంది 1979 దగ్గర, డోనర్‌ను తీసేసిన రోజు దగ్గర మొదలుపెడతారు. మంచి దర్శకుడు, చెడ్డ నిర్మాతలు, మధ్యలో దూరిన ఇంకో దర్శకుడు. కథ రక్తి కడుతుంది. నా లెక్కలో మాత్రం రెండో భాగం తలరాత అంతకు రెండేళ్ళ ముందే, 1977 చివర్లో రాసేశారు.

అప్పటికి పైన్‌వుడ్ స్టూడియోలో రెండు సినిమాల షూటింగ్ కలిపే నడుస్తోంది. ఒకే సెట్టు, అవే కాస్ట్యూములు. డైలీ ప్లానెట్ పత్రికాఫీసు సెట్టు వేస్తే మొదటి భాగానికి కావలసినవీ రెండో భాగానికి కావలసినవీ అక్కడే తీసేయడం. స్క్రిప్టు ప్రకారం మొదటి భాగం సస్పెన్స్‌లో ఆగాలి. సూపర్‌మ్యాన్ అంతరిక్షంలోకి విసిరిన క్షిపణి పేలి, ఫాంటమ్ జోన్ అనే చెరలో బందీలుగా ఉన్న విలన్లు జాడ్, ఉర్సా, నాన్ బయటపడతారు. అక్కడితో మొదటి భాగం సరి. రెండో భాగంలో వాళ్ళ విధ్వంసం, తనతో పాటు పత్రికలో పనిచేసే క్లార్కే సూపర్‌మ్యాన్ అన్న రహస్యం విలేకరి లోయిస్‌కి తెలిసిపోవడం, చివర్లో కాలం వెనక్కి తిరిగి అన్నీ సర్దుకోవడం.

షెడ్యూలు దాటిపోయింది. బడ్జెట్ చేయి దాటిపోయింది. డోనర్‌కీ నిర్మాతలకీ మధ్య మాటలు దాదాపు ఆగిపోయాయి. అక్టోబరులో నిర్ణయం తీసుకున్నారు: రెండో భాగం పక్కన పెట్టి ముందు మొదటిది పూర్తి చేద్దాం. రెండో భాగంలో సుమారు 75 శాతం అప్పటికే డబ్బాల్లో ఉంది. అంతవరకు తెలివైన పనే. దాని వెనకే ఇంకో నిర్ణయం వచ్చింది. ఉన్నవాటిలో బ్రహ్మాండమైన క్లైమాక్స్ రెండో భాగంలో ఉంది కదా, దాన్నే తెచ్చి మొదటి భాగానికి పెట్టేద్దాం అనుకున్నారు. లోయిస్ కారు భూకంపంలో కూరుకుపోయి ఆమె చనిపోవడం, సూపర్‌మ్యాన్ అరుపు, భూమి చుట్టూ ఆ పరుగు... థియేటర్లలో జనం ఊపిరి బిగబట్టి చూసిన ఘట్టం అలా వచ్చింది.

ఈ పని చేసింది నిర్మాతలు కాదు. డోనర్, ఆయనకు స్క్రిప్టులో కుడిభుజంగా ఉన్న టామ్ మ్యాంకివిచ్. డోనర్ చెప్పిన కారణంలో తప్పు పట్టడానికేం లేదు. మొదటి సినిమా ఆడకపోతే ఎంత గొప్ప సస్పెన్స్‌లో ఆపినా రెండోదానికి ఎవరూ రారు. ఆడితే రెండోదానికి కొత్త ముగింపు ఆలోచించుకోవచ్చు. పెద్దమ్మాయి పెళ్ళికి చిన్నమ్మాయి నగలు పెట్టడం లాంటిది. తర్వాత చేయిద్దాంలే అనుకుంటారు. ఆ ‘తర్వాత’ ఎప్పుడూ రాలేదు.

ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా వేరేలా కనిపిస్తుంది. 1978 డిసెంబరులో మొదటి భాగం విడుదలై ఘనవిజయం సాధించే నాటికి రెండో భాగం అంటే ముప్పావు వంతు తీసిన, ముగింపు లేని సినిమా. దాన్ని ఎవరు పూర్తి చేసినా కొత్త క్లైమాక్స్ కనిపెట్టాల్సిందే.

నిర్మాతల సంగతీ ఓ మాట. అలెగ్జాండర్ సాల్‌కైండ్, ఇల్యా సాల్‌కైండ్ తండ్రీకొడుకులు. అంతకుముందు మస్కటీర్ల కథను ఒకే సినిమాగా షూట్ చేసి, 1973లో ఒకటి, 1974లో ఒకటి చొప్పున రెండుగా విడుదల చేశారు. ఒక సినిమాకి డబ్బు తీసుకున్న నటులు కోర్టుకెళ్ళారు. ఆ దెబ్బకి ఎన్ని సినిమాలకు పని చేస్తున్నారో ముందే రాసుకోవాలన్న షరతు నటుల కాంట్రాక్టుల్లోకి వచ్చింది. హాలీవుడ్‌లో దానికి సాల్‌కైండ్ క్లాజ్ అనే పేరే స్థిరపడింది. ఆ మస్కటీర్ల దర్శకుడు ఎవరనుకున్నారు? రిచర్డ్ లెస్టరే. సాల్‌కైండ్‌ల నుంచి ఆయనకు రావలసిన బాకీ కూడా ఉందని, సూపర్‌మ్యాన్ సెట్టు మీదకి ఆయన రావడానికి అదీ ఒక కారణమని చెప్పుకుంటారు. డోనర్‌తో నిర్మాతలు మాట్లాడుకోలేని స్థితిలో ఇద్దరికీ మధ్యవర్తిగా మొదటి సినిమా షూటింగులోనే ఆయన్ని తెచ్చిపెట్టారు.

కాబట్టి లెస్టర్‌ది దొడ్డిదారి ప్రవేశం అనడం తేలిక. ఆయన ముందున్న పరిస్థితి చూడండి. 1979లో డోనర్‌ను తప్పించారు. మ్యాంకివిచ్ తిరిగి రానన్నాడు, ఎడిటర్ స్టూవర్ట్ బేర్డ్ రానన్నాడు. కెమెరామన్ జెఫ్రీ అన్స్‌వర్త్ 1978లోనే చనిపోయాడు. విలన్ లెక్స్ లూథర్‌గా వేసిన జీన్ హ్యాక్‌మన్ కూడా డోనర్ లేకపోతే రానన్నాడు. థియేటర్ వెర్షన్‌లో మనం చూసే లెక్స్ లూథర్ అంతా డోనర్ తీసినదే. అవసరమైన కొత్త షాట్లకి డూప్‌ను పెట్టి, గొంతు ఇంకొకరితో అనుకరింపజేశారు. సంగీతానికి జాన్ విలియమ్స్ లేడు, ఆయన బాణీలనే కెన్ థోర్న్ సర్దాడు. బ్రాండో లాభాల్లో తన వాటా కోసం 5 కోట్ల డాలర్లకు దావా వేశాడు. రెండో భాగంలో ఆయన్ని ఉంచితే మళ్ళీ వాటా ఇవ్వాలి. అందుకని ఆయన సీన్లన్నీ తీసేసి, ఆ మాటలు తల్లి లారా పాత్రలో సుసానా యార్క్ చేత చెప్పించారు.

ఇన్ని లేకుండా మిగిలిందాంతో లెస్టర్ సినిమా పూర్తి చేశాడు. డోనర్ తీసిన సీన్లను కూడా కొన్ని మళ్ళీ తీశాడు. దర్శకుడిగా పేరు పడాలంటే సినిమాలో తగినంత భాగం తనే తీసి ఉండాలన్న నిబంధన ఒకటి అడ్డొచ్చిందంటారు. డోనర్ వర్గానికి ఎక్కువ కాలేది ఇక్కడే. బాగున్న సీనును తీసేసి పేరు కోసం మళ్ళీ తీయడం న్యాయమా అంటారు. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే.

కానీ క్లైమాక్స్ మాటేమిటి? కాలం తిప్పే ఉపాయం మొదటి భాగం వాడేసుకుంది. క్లార్కే సూపర్‌మ్యాన్ అని లోయిస్‌కి తెలిసిపోయింది, ఆ రహస్యం మళ్ళీ మూతపడాలి. లెస్టర్ సినిమాలో దానికి దొరికిన దారి ఒక ముద్దు. డైలీ ప్లానెట్ ఆఫీసులో క్లార్క్ లోయిస్‌ను ముద్దు పెట్టుకుంటాడు, ఆమె అంతా మర్చిపోతుంది. ముద్దుతో మతిమరుపు తెప్పించే శక్తి సూపర్‌మ్యాన్‌కి ఎప్పటి నుంచి ఉంది అని నవ్వేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నవ్వే ముందు లోయిస్‌గా వేసిన మార్గో కిడర్‌ను చూడాలి. ఈ సంగతి తెలిసీ రోజూ పక్క టేబుల్ దగ్గర మామూలుగా కూర్చోవడం తన వల్ల కాదని ఆమె ఏడుస్తుంది. ఆమె బాధ చూడలేక అతను ఆ పని చేస్తాడు. అతనికి మాత్రం అంతా గుర్తే. ఉపాయం పేలవంగా ఉన్నా నష్టం నష్టంగానే మిగిలింది. వెంటనే ఆమె మామూలు లోయిస్‌గా మారిపోయి హుషారుగా మాట్లాడుతుంటే రీవ్ ముఖంలో కనపడే ఆ చిన్న ఒంటరితనం నాకు ఈ సిరీస్ మొత్తంలో ఇష్టమైన క్షణాల్లో ఒకటి.

లెస్టర్ హాస్యం కొన్నిచోట్ల శృతి మించిందన్నది ఒప్పుకోవాలి. మెట్రోపొలిస్ వీధిలో ముగ్గురు విలన్లు గాలి ఊది జనాన్ని ఎగరగొడుతుంటే, ఫోన్ బూత్ కూలినా ఒకడు రిసీవర్ వదలకుండా నవ్వుతూనే ఉంటాడు. నగరం నాశనమవుతున్నప్పుడు ఆ జోకులేమిటి? ఇంకో లోటు దీనికంటే పెద్దది. లోయిస్ కోసం శక్తులు వదులుకున్న సూపర్‌మ్యాన్‌కి అవి తిరిగి ఎలా వచ్చాయో థియేటర్ వెర్షన్ సరిగా చూపించదు. పాడుబడ్డ మంచు కోటలో పచ్చని స్ఫటికం ఒకటి మెరుస్తూ కనిపిస్తుంది, అంతే. అసలు అక్కడ ఉండాల్సింది బ్రాండో. తన దగ్గర మిగిలిన చివరి శక్తిని కొడుక్కి ధారపోసి తండ్రి శాశ్వతంగా మాయమైపోయే సీను అది. 2006లో వచ్చిన డోనర్ కట్‌లో అది చూశాక పాత వెర్షన్‌లో ఆ చోట ఒక గొయ్యి కనిపిస్తుంది. డోనర్ కట్‌కి ఇంకేమీ లేకపోయినా ఆ ఒక్క సీను చాలు.

సినిమా 1980 చివర్లో కొన్ని దేశాల్లో, 1981 జూన్‌లో అమెరికాలో విడుదలైంది. అక్కడ 10 కోట్ల డాలర్లు దాటింది. 1984లో అమెరికన్ టీవీలో వేసినప్పుడు థియేటర్‌లో లేని సీన్లు కలిపి వేశారు. ఇంకా ఎంతో ఉండి ఉంటుందన్న అనుమానం అభిమానుల్లో గట్టిపడింది. మొదటి భాగాన్ని 2001 డీవీడీ కోసం బాగుచేసిన ఎడిటర్ మైకేల్ థావ్ చేతికే రెండో భాగం పనీ వచ్చింది. కొత్తగా తీస్తున్న సూపర్‌మ్యాన్ సినిమాలో పాత బ్రాండోను చూపించడానికి ఆయన వారసులతో ఒప్పందం కుదరడంతో ఆ తాళమూ తెరుచుకుంది. 2006 నవంబరు 28న డోనర్ కట్ డిస్కుగా వచ్చింది. 116 నిమిషాలు, థియేటర్ వెర్షన్ కంటే 11 నిమిషాలు తక్కువ.

అట్ట మీద డోనర్ పేరు ఉంది. లోపల ఉన్నది డోనర్ పూర్తి చేసిన సినిమా కాదు. ఆయన తీయనిచోట లెస్టర్ తీసినవే అతికించారు. లోయిస్ పిస్తోలు గురిపెట్టి క్లార్క్ గుట్టు బయటపెట్టే హోటల్ గది సీను డోనర్ అసలు తీయనే లేదు. అందుకని షూటింగుకి ముందు రీవ్‌కి, కిడర్‌కి విడివిడిగా చేసిన స్క్రీన్ టెస్టులు తెచ్చి కలిపారు. అక్కడ రీవ్ ఇంకా కండలు పెంచని బక్కపలచని కుర్రాడు. జుట్టు వేరు, కళ్ళజోడు వేరు. ఒక షాటుకీ మరో షాటుకీ మనిషే మారిపోతాడు. అయినా సీను మాత్రం లెస్టర్ తీసిన దానికంటే పదునుగా ఉంది. లెస్టర్ దాంట్లో క్లార్క్ కాలు తట్టుకుని నిప్పుల్లో చెయ్యి పెడితే కాలకపోవడం చూసి లోయిస్ కనిపెడుతుంది. ఇక్కడ ఆమె పేల్చేది ఉత్తుత్తి తూటా. పట్టుకున్నది ఆమె తెలివి.

ఇక ముగింపు దగ్గరికొచ్చేసరికి పాత అప్పు ఎదురొచ్చింది. 1977లో తర్వాత ఆలోచిద్దాం అనుకున్న కొత్త క్లైమాక్స్ ఎవరూ ఆలోచించలేదు. ఉన్నది మొదట రాసిందే. దాంతో కొంత కొత్త గ్రాఫిక్స్ పని చేసి కాలాన్ని మళ్ళీ వెనక్కి తిప్పారు. మొదటి భాగం చివర సస్పెన్స్‌లో ఆగి ఉంటే అది అద్భుతంగా కుదిరేది. అలాంటి మొదటి భాగం ఏ డిస్కులోనూ లేదు. అందుకే డోనర్ కట్ అసలైన రెండో భాగం అన్నప్పుడల్లా, దేనికి రెండో భాగం అని అడగాలనిపిస్తుంది.

చివర్లో డైనర్ సీను ఉంది కదా. శక్తులు లేనప్పుడు క్లార్క్‌ను చితక్కొట్టిన లారీ డ్రైవర్ దగ్గరికి అతను తిరిగి వెళ్ళి బదులు తీర్చుకుంటాడు. థియేటర్ వెర్షన్‌లో లెక్క సరిపోతుంది, మర్చిపోయింది లోయిస్ ఒక్కతే. డోనర్ కట్‌లో కాలమే వెనక్కి పోయింది. క్లార్క్ ఎప్పుడూ ఆ డైనర్‌కి వెళ్ళలేదు, అతన్ని ఎవరూ కొట్టలేదు. అయినా కళ్ళజోడు సర్దుకుంటూ లోపలికొచ్చి, తింటున్న మనిషిని కౌంటర్ మీదుగా జారవిడిచి పిన్‌బాల్ మెషీన్‌లోకి తోస్తాడు. తను ఎందుకు తన్నులు తిన్నాడో ఆ డ్రైవర్‌కి ఇప్పటికీ తెలియదు.