సాఫ్ట్‌వేర్ పియానోకి ఏ వెయిటెడ్ కీబోర్డ్? నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

మావైపు ఇప్పటికీ కీబోర్డ్ ఏ కంపెనీదైనా అందరికీ అది "క్యాసియో"నే. రెండు లక్షల స్టేజ్ పియానో ముందు కూర్చున్నా "అన్నా, క్యాసియో కొత్తదా?" అనే అడుగుతారు. పిల్లలకు పియానో నేర్పడం, ఆదివారాలు చర్చిలో వాయించడం, ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకునేవాళ్లకు సెటప్ చేసిపెట్టడం నా పని. ల్యాప్‌టాప్‌లో పియానో సాఫ్ట్‌వేర్ వేసుకుని, దానికి తగ్గ వెయిటెడ్ కంట్రోలర్ (పియానోలా కీలకు బరువుండి, సొంత సౌండ్ లేని కీబోర్డ్) కొంటామని ఫోన్ చేసేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. వాటి వెనకున్న అపోహలూ అవే.

అపోహ: కీ ఎంత బరువుగా ఉంటే అంత అసలు పియానో.

షాపులో కీ నొక్కగానే "అబ్బ, ఎంత గట్టిగా ఉందో, అచ్చం పియానోలా ఉంది" అంటారు. ఆ మాట అనేవాళ్లలో చాలామంది అసలు పియానో ముట్టుకుని ఉండరు. సరిగ్గా సర్దిన గ్రాండ్ పియానోలో మధ్య కీ మెల్లగా కిందికి దిగడానికి సుమారు 50 గ్రాములు చాలు. టెక్నీషియన్లు కుడి పెడల్ తొక్కి పట్టి, కీ ముందు అంచు మీద చిన్న తూకపు గుండ్లు పెట్టి చూస్తారు.

మన దగ్గర ఆ గుండ్లు ఉండవు గానీ రూపాయి నాణేలు ఉన్నాయి కదా. 2011 నుంచి వస్తున్న చిన్న రూపాయి నాణెం 3.79 గ్రాములు. 13 నాణేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో ఉన్న తెల్ల కీ ముందు అంచు మీద పెట్టండి. 49 గ్రాములు దాటుతుంది. కీ మెల్లగా జారిందా, అసలు పియానోకి దగ్గరగా ఉన్నట్టే. నేను చూసిన కొన్ని కంట్రోలర్లు 18, 19 నాణేలు పెడితే గానీ కదల్లేదు. పది రూపాయల నాణేలు వద్దు, వెడల్పు ఎక్కువ. పక్క కీల మీద ఆనుకుని కూర్చుంటాయి, లెక్క తప్పుతుంది. నేను మొదట అదే చేసి, కీబోర్డ్ పాడైందని కాసేపు కంగారుపడ్డాను.

ఇప్పుడు నాణేలు తీసేసి, వేలిని వెనక్కి జరిపి, నల్ల కీల మధ్యలో అదే తెల్ల కీని నొక్కి చూడండి. అసలు పరీక్ష ఇది. కీ లోపల ఎక్కడో ఒక ఇరుసు మీద ఊగుతుంది. పెద్ద గ్రాండ్‌లో ఆ ఇరుసు చాలా లోపలికి ఉంటుంది కాబట్టి వెనక నొక్కినా మరీ బరువనిపించదు. సన్నగా, నాజూగ్గా ఉండే కంట్రోలర్లలో కీ కర్ర పొట్టిది. అక్కడ కీ చాలా గట్టిగా అనిపించవచ్చు. నల్ల కీలు ఎక్కువున్న స్కేల్‌లో వాయిస్తే బొటనవేలు అక్కడికే వెళ్తుంది. అరగంట వాయించేసరికి ముంజేయి లాగేస్తోందని చెప్పే కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లి చూస్తే, చాలాసార్లు కనబడేది ఈ పొట్టి కీనే. ముందు అంచు బరువు మాత్రమే చూసి కొనుక్కుని ఉంటారు.

కీ కిందికి దిగడం ఒకటే కాదు, వేలితో పాటు పైకి లేస్తోందా అన్నది కూడా చూడాలి. బద్ధకంగా లేచే కీ మీద ఒకే స్వరాన్ని గబగబా నాలుగుసార్లు కొడితే మూడే వినపడతాయి.

అపోహ: పెట్టె మీద "వెయిటెడ్" అని ఉంటే, 88 కీలుంటే చాలు.

చాలదు. సింథ్ కీల్లో ఉండేది స్ప్రింగే. సెమీ-వెయిటెడ్ అంటే ఆ స్ప్రింగ్‌కి తోడు కాస్త బరువు. హ్యామర్ యాక్షన్‌లో ప్రతి కీ వెనక విడిగా ఒక సుత్తిలాంటి బరువు లేచి పడుతుంది. సాఫ్ట్‌వేర్ పియానోకి కావలసింది ఈ మూడోది. ఎం-ఆడియో వాళ్లకే 88 కీల కీస్టేషన్ ఉంది, అది సెమీ-వెయిటెడ్. 88 కీల హ్యామర్ 88 కూడా ఉంది, అది హ్యామర్ యాక్షన్. ఫొటోలో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి.

ఇంకో సంగతి. చాలా కంపెనీలు కీలు సొంతంగా చేసుకోవు. ఇటలీలోని రెకనాటిలో ఉన్న ఫతార్ అనే కంపెనీ దగ్గర మొత్తం కీబెడ్ (కీలన్నీ అమర్చిన చట్రం) కొని బిగిస్తాయి. స్టూడియోలాజిక్ ఎస్ఎల్88 స్టూడియోలోనూ, ఆర్టూరియా కీల్యాబ్ 88లోనూ ఉండేది ఫతార్ టీపీ/100 రకమే. ఎస్ఎల్88 గ్రాండ్‌లో చెక్క కలిసిన టీపీ/40. కాబట్టి "ఏ కంపెనీ మంచిది?" అని అడగడం కన్నా "లోపల ఏ కీబెడ్ ఉంది?" అని అడిగితే బేరం సగం తేలిపోతుంది.

అపోహ: ఖరీదైన కంట్రోలర్ కొంటే పియానో సౌండ్ బాగుపడుతుంది.

దీని దగ్గర కాస్త ఆగాలి. డబ్బు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే.

కంట్రోలర్‌లో సౌండే లేదు. కీ కింద ఒకదాని తర్వాత ఒకటి తగిలే కాంటాక్టులు కనీసం రెండుంటాయి. మొదటిది తగిలాక రెండోది ఎంతసేపట్లో తగిలిందో లెక్కగట్టి 1 నుంచి 127 లోపు ఒక అంకె పంపుతుంది. అదే వెలాసిటీ. కీబోర్డ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య కబురు మోసే, 1983లో వచ్చిన మిడి పద్ధతి ఇదే, ఇవాళ్టికీ మన పనంతా దీని మీదే నడుస్తోంది. 2020లో మిడి 2.0 వచ్చి ఈ అంకెను చాలా సన్నటి మెట్లుగా విడగొట్టింది గానీ, ఇళ్లలో కనిపించే సెటప్‌లు ఎక్కువగా పాత పద్ధతివే. మీ వేలు ఎంత అందంగా దిగినా సాఫ్ట్‌వేర్‌కి తెలిసేది ఆ అంకె, కీ వదిలిన సమయం, పెడల్ కదలిక. కీ చెక్కదా ప్లాస్టిక్‌దా అన్నది మీ వేలికి తెలుస్తుందంతే.

పోయినేడు ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ఈ పియానో అరుస్తోంది. మెల్లగా కొట్టినా డబడబలాడుతోంది. కీబోర్డ్ అమ్మేద్దామనుకుంటున్నా." కొని నెలైనా కాలేదు. వెళ్లి ల్యాప్‌టాప్‌లో మిడి మానిటర్ తెరిచాను. వచ్చే అంకెల్ని ఒకదాని కింద ఒకటి చూపించే చిన్న ప్రోగ్రామ్ అది, ఉచితంగా దొరుకుతుంది. "మెల్లగా వాయించు" అన్నాను. 68, 71, 74. "మామూలుగా." 102, 108. "గట్టిగా." 127, 127, 127. అంటే వాడు జోలపాట వాయిస్తున్నా సాఫ్ట్‌వేర్‌కి ఊరేగింపులా వినబడుతోంది. ఆ పియానోని రికార్డ్ చేసినవాళ్లు అతి మెల్లని దెబ్బ నుంచి అతి గట్టి దెబ్బ దాకా ఒక్కో స్వరానికి ఎన్నో పొరలు పట్టిపెట్టారు. మావాడు అందులో కింది సగం ఒక్కసారి కూడా వినలేదు.

సాఫ్ట్‌వేర్‌లో వెలాసిటీ కర్వ్ అని ఒక గీత ఉంటుంది. దాన్ని మధ్యలో కిందికి లాగాను. వాడు వాయించడం, నేను గీత కదపడం, ఇలా పదిహేను నిమిషాలు. "ఇది వేరే పియానోనా?" అన్నాడు. అదే పియానో, అదే కీబోర్డ్.

నేను వాడే కొలత చెప్తాను, ఇది శాస్త్రం కాదు, నా అలవాటు. శబ్దం వస్తే చాలన్నంత మెల్లగా నొక్కినప్పుడు 10 నుంచి 25 మధ్య రావాలి. మామూలు వాయింపు 60, 70 దగ్గర ఉండాలి. భుజం బలమంతా పెడితే 115 దాటాలి, 127 ఎప్పుడో గానీ తగలకూడదు. మీ కీబోర్డ్ ఇలా పంపకపోతే కర్వ్ మార్చండి. కీబోర్డ్‌లోనే టచ్ సెట్టింగ్ ఉంటే మొదట దాన్ని మార్చి, మిగిలింది సాఫ్ట్‌వేర్‌లో సర్దండి. పియానోటెక్ అనే పియానో సాఫ్ట్‌వేర్‌లో మీరు మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా వాయిస్తే అదే చూసుకుని కర్వ్ గీసే సదుపాయం ఉంది. కవాయ్ వీపీసీ1 అనే కంట్రోలర్‌లో అయితే పియానోటెక్, ఐవరీ లాంటి సాఫ్ట్‌వేర్లకు విడివిడిగా కర్వ్‌లు ముందే పెట్టి ఇచ్చారు. తయారుచేసేవాళ్లకే తెలుసు, ఏ కీబోర్డూ అన్ని సాఫ్ట్‌వేర్లతో ఒకేలా కుదరదని.

కర్వ్ బాగుచేయలేని జబ్బు ఒకటుంది: కీకీ మధ్య తేడా. ఒకే బలంతో పక్కపక్క కీలు నొక్కితే 62, 64, 91, 63 అని వస్తే ఆ మూడో కీ పాటలో ప్రతిసారీ కేక వేస్తుంది. దానికి మామూలు కర్వ్‌లో మందు లేదు. కొనేముందు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి 88 కీలూ ఒక్కొక్కటే నొక్కి చూడండి. షాపువాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. సెకండ్ హ్యాండ్ అయితే ఇది చూడకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. ఎక్కువగా అరిగేది మధ్య రెండు ఆక్టేవ్‌లు. చాలాసార్లు లోపలి రబ్బరు కాంటాక్టుల కింద దుమ్ము చేరి ఉంటుంది, విప్పి తుడిస్తే సరిపోతుంది. కానీ 88 కీల బాడీ విప్పడం అంటే సగం రోజు పని, రెండు డజన్ల స్క్రూలు, ఆఖర్న తప్పకుండా మిగిలిపోయే ఒక స్క్రూ.

అపోహ: స్టూడియోకి కంట్రోలరే కొనాలి, డిజిటల్ పియానో నేర్చుకునే పిల్లలకు.

ఇంచుమించు అదే ధరకి డిజిటల్ పియానోలో మెరుగైన కీలు దొరకడం నేను చాలాసార్లు చూశాను. రోలాండ్ ఎఫ్‌పీ-10 చవక మోడలే, కానీ అందులో పీహెచ్ఏ-4 అనే రోలాండ్ హ్యామర్ యాక్షన్, ఒక్కో కీకి మూడు సెన్సార్లు. వెనక యూఎస్‌బీ ఉంది, ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే అదే కంట్రోలర్. కరెంటు పోయి వచ్చాక ల్యాప్‌టాప్ అప్‌డేట్ అంటూ అరగంట కూర్చుంటే, దీన్ని ఆన్ చేసి వాయించుకోవచ్చు. తగిలించాక "లోకల్ కంట్రోల్" ఆఫ్ చేయడం మాత్రం మర్చిపోకండి. లేకపోతే లోపలి పియానో, సాఫ్ట్‌వేర్ పియానో రెండూ కలిసి మోగి, బావిలోంచి వస్తున్నట్టు వినబడుతుంది.

మనవాళ్లకు ఇందులో ఒక చిక్కుంది. ఎడమచేత్తో పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే చక్రం) తిప్పుతూ గమకాలు పలికించే అలవాటు మన కీబోర్డ్ ప్లేయర్లది. ఎఫ్‌పీ-10కి ఆ చక్రం లేదు. వీపీసీ1కీ లేదు. పియానో మాత్రమే వాయిస్తే బాధ లేదు, అసలు పియానోకే బెండ్ లేదు కదా. అదే కీబోర్డ్ మీద వేణువు, వీణ, నాదస్వరం కూడా పలికించాలంటే ఆ చక్రం ఉన్న కంట్రోలర్ వైపే వెళ్లండి, లేదా పక్కన చిన్న 25 కీలది ఒకటి పెట్టుకోండి. నా బల్ల మీద పెద్దదీ, పక్కన ఆ చిన్నదీ రెండూ ఉన్నాయి.

బరువూ చూసుకోండి. ఎఫ్‌పీ-10 పన్నెండు కిలోల పైచిలుకు. వీపీసీ1 29.5 కిలోలు, పైగా సొంత సౌండ్ లేదు. దాన్ని ఆటోలో వేసుకుని ప్రోగ్రామ్‌కి వెళ్లాలంటే తోడు ఒక మనిషి ఉండాలి.

అపోహ: సౌండ్ లేటుగా వస్తోందంటే కీబోర్డ్ స్లో.

యూఎస్‌బీ కీబోర్డ్ లేటు చేసేది చాలా తక్కువ. లేటంతా ఆడియో బఫర్‌లో, అంటే ల్యాప్‌టాప్ సౌండ్‌ని కాస్త పోగుచేసుకుని పంపే చోట ఉంటుంది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 512 శాంపిల్స్ బఫర్ అంటే 11.6 మిల్లీ సెకన్లు, 128 అంటే 2.9. విండోస్‌లో ఏఎస్ఐఓ డ్రైవర్ (సౌండ్‌ని లేటు లేకుండా పంపే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకుని 128కి దించండి, చిటపటలు వస్తే 256. స్పీకర్ మీకు మీటరు దూరంలో ఉంటే గాలిలో రావడానికే 3 మిల్లీ సెకన్లు పడుతుంది, దాన్నెవరూ పట్టించుకోరు. కానీ బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని "లేటొస్తోంది" అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. వైరున్నవి కొనండి.

అపోహ: పెడల్ ఏదైనా ఒకటే.

కీబోర్డ్‌తో పాటు వచ్చే చిన్న నల్ల పెడల్ చాలావరకు ఒట్టి స్విచ్. తొక్కితే 127, వదిలితే 0. అసలు పియానోలో పాదం సగం తొక్కితే స్వరాలు సగమే మసకబారతాయి. ఈ హాఫ్ పెడల్‌ని పియానోటెక్ లాంటివి బాగా పలికిస్తాయి. కానీ దానికి మధ్య అంకెలు పంపే పెడల్ కావాలి, ఆ పెడల్‌ని అర్థం చేసుకునే జాక్ కీబోర్డ్‌కి ఉండాలి. రెండోది లేకుండా మొదటిది కొని మోసపోయానని తిట్టుకునేవాళ్లు ఎక్కువ.

పెడల్ తిరగబడి పనిచేస్తోందా? తొక్కితే ఆగి, వదిలితే మోగుతోందా? యమహా పెడల్‌కి, మిగతా చాలావాటికి పోలారిటీ ఎదురుబొదురు. చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడు పెడల్ ఏ స్థితిలో ఉందో చూసి దాన్నే "వదిలినట్టు" అనుకుంటాయి. ఒక క్రిస్మస్ ఆరాధనకి నేను హడావుడిలో పెడల్ మీద కాలు పెట్టి స్విచ్ వేశాను. మొదటి పాట మొత్తం పెడల్ ఉల్టా. అంతా చూస్తున్నారు కాబట్టి ఆఫ్ చేయలేను. కాలిని వ్యతిరేకంగా కదుపుతూ ఆ పాట ఎలా గట్టెక్కించానో నాకే తెలుసు.

అపోహ: హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అర్ధరాత్రి కూడా వాయించుకోవచ్చు, ఎవరికీ వినబడదు.

పియానో వినబడదు. సుత్తులు పడే చప్పుడు వినబడుతుంది, అది కూడా మీ గదిలో కన్నా కింది ఫ్లోర్‌లో ఎక్కువ. హ్యామర్ యాక్షన్ కీబోర్డ్ చప్పుడు స్టాండ్ కాళ్ల గుండా నేలలోకి దిగి, కిందివాళ్ల సీలింగ్‌లో టకటకలాడుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో కింద ఉండే ఆంటీ ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "ఏం బాబూ, రాత్రిళ్లు కుట్టుమిషన్ తొక్కుతున్నారా?" అని అడిగింది. ఊగే ఎక్స్ స్టాండ్ తీసేసి బల్లలాంటి స్టాండ్ కొన్నాను, నాలుగు కాళ్ల కిందా జిమ్‌లో వేసే మందపాటి రబ్బరు షీట్ ముక్కలు పెట్టాను. చప్పుడు పూర్తిగా పోలేదు. ఇప్పుడు రాత్రి పదిన్నర దాటితే ఆ 25 కీల చిన్నదాని మీదే వాయించుకుంటున్నాను.