ల్యాబ్‌కు పొయ్యే ముందురోజు సిములేటర్ తెరువుండ్రి

పిల్లలూ,
అందరు మంచిగున్నరా? హన్మకొండ కాలేజీలల్ల ప్రాక్టికల్స్ షురూ అయితున్నయి కదా, అందుకే ఈ ఉత్తరం.

ల్యాబుల అసలు బాధ ఏందంటే నలుగురికి ఒక్క సీఆర్‌ఓ (కరెంటు వేవ్‌ను తెర మీద చూపెట్టే డబ్బా) ఉంటది, ధైర్యమున్నోడు నాబ్‌లు తిప్పుతడు, మిగతా ముగ్గురు రీడింగులు రాసుకుంటరు, సంవత్సరమంతా గట్లనే గడిచిపోతది, వెనక నిలబడ్డ పిల్లను చూస్తే నాకు పానం ఉసూరుమంటది. సిములేటర్‌ల, అంటే కంప్యూటర్ మీద నడిచే ఉత్తుత్తి ల్యాబుల, ఆ నాబ్ మీ చేతులనే ఉంటది, ఎన్నిసార్లు తప్పు తిప్పినా ఎవ్వరు ఏమనరు.

సీఆర్‌ఓకు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 6 వోల్టుల ఏసీ ఇచ్చిన్రనుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక్క వేవ్‌కు 20 మిల్లీసెకన్లు. టైం నాబ్ గడికి 5 మిల్లీసెకన్ల మీద పెడితే ఒక వేవ్ 4 గడులల్ల పడతది, 1 మీద పెడితే 10 గడుల స్క్రీన్‌ల సగమే కనపడతది. వేవ్ నిలబడకుండ ఉరుకుతుంటే ట్రిగ్గర్ లెవెల్ (వేవ్‌ను ఏ ఎత్తు కాడ గీసుడు షురూ చెయ్యాల్నో చెప్పే నాబ్) సరిచెయ్యాలె. ఇంకోటి, ఆ 6 అనేది ఆర్‌ఎంఎస్, అంటే అంతే వేడి పుట్టించే డీసీతోని సమానమైన లెక్క, పై కొస నుంచి కింది కొస దాకా కొలిస్తే దాదాపు 17 వోల్టులొస్తది, సీఆర్‌ఓ ఖరాబైందని పరేషాన్ కావద్దు.

కేంద్ర ప్రభుత్వపు వర్చువల్ ల్యాబ్స్ అనే సిములేటర్ల సైటు ఫ్రీనే, అండ్ల హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీ కూడా ఉన్నది. నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002ల కొలరాడోల మొదలువెట్టిన ఫెట్ అనే సిములేటర్ల సైటు కూడా మస్తుంటది, దాంట్ల బ్యాటరీ రెండు కొసలకు ఉత్త వైరు కలిపితే మంట లేస్తది, అది చూసినోళ్లు ల్యాబుల షార్ట్ చెయ్యరు.

కానీ సన్న తీగల మందం కొలిచే స్క్రూగేజ్ సంగతి వేరే. స్క్రీన్ మీద 0.01 మిల్లీమీటర్ చదవడం వస్తది గానీ రాచెట్ (కొసకుండే తిప్పే పిడి) టిక్కుమనంగనే ఆగాలె, ఇంక బిగిస్తే సన్న తీగ నలిగి రీడింగే మారుతది అనేది వేళ్లకు తెలవాలె. పాత స్క్రూ లూజయితే బ్యాక్‌లాష్ వస్తది, అంటే దిక్కు మార్చి తిప్పంగనే స్క్రూ ముందుకు కదలకుండ కొంచెం ఉత్తగనే తిరుగుతది, అందుకే ఒక్క దిక్కే తిప్పుకుంట పోవాలె. గివి మౌస్‌తోని రావు, కాబట్టి సిములేటర్ చేసినం కదా అని ల్యాబ్ మాత్రం ఎగ్గొట్టొద్దు.

ఒక్కటి చెయ్యిండ్రి, నాబ్ తిప్పే ముందు ఎంతొస్తదో అంచనా కాయితం మీద రాసుకోండి, తర్వాత తిప్పి చూడండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో నాకు ఫోన్ చేసి చెప్పుండ్రి, రాత్రయినా సరే.

మీ పెద్దబాపు