సీఎల్‌ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్) అపోహలు - వాస్తవాలు: కౌంట్ చూసి కీమోకి పరుగెత్తొద్దు

అపోహ: తెల్లకణాలు లక్ష దాటాయి, వెంటనే కీమో పెట్టాలి.

వాస్తవం: జనాన్ని ఎక్కువగా దెబ్బతీసేది ఈ మాటే. షుగర్ చెకప్‌లో భాగంగా సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయిస్తే తెల్లకణాలు 42,000 వస్తాయి. పేషెంటుకి ఏ బాధా ఉండదు. రిపోర్టు వాట్సాప్‌లో తిరిగి, సాయంత్రానికల్లా ఇల్లంతా ఏడుపు. సీఎల్‌ఎల్‌లో కౌంట్ ఒక్కటే చూసి మందు మొదలుపెట్టరు. హిమోగ్లోబిన్ 10 లోపుకి, ప్లేట్‌లెట్లు లక్ష లోపుకి తగ్గుతూ పోతున్నాయా? ప్లీహం పక్కటెముకల కింద 6 సెంటీమీటర్లు దిగిందా? బిళ్లలు (వాచిన లింఫ్ గ్రంథులు) 10 సెంటీమీటర్లకు పెరిగాయా? ఆరు నెలల్లో బరువు పదో వంతు తగ్గిందా? ఇన్ఫెక్షన్ లేకుండానే రెండు వారాలకు పైగా జ్వరం, నెలకు మించి రాత్రి చెమటలు ఉన్నాయా? చూసేది ఇవి. లింఫోసైట్లు (ఈ జబ్బులో పెరిగే తెల్లకణాలు) ఆరు నెలల్లోపే రెట్టింపైతే అదీ లెక్కే. కాకపోతే 30,000 లోపు ఉన్నప్పుడు ఆ ఒక్క కారణం చాలదు. లక్షణాలు లేనివాళ్లకు ముందే క్లోరాంబుసిల్ అనే కీమో మందు ఇచ్చి చూశారు, ఆయుష్షు పెరగలేదు. మందివ్వకుండా మూడు నాలుగు నెలలకోసారి చూడటం డాక్టర్ నిర్లక్ష్యం కాదు. అదే సరైన వైద్యం.

అపోహ: బోన్‌మారో తీస్తేనే తేలుతుంది.

చాలామందికి అక్కర్లేదు. చేతి నరం నుంచి తీసిన రక్తంతో ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది గుర్తులను చూసే పరీక్ష) చాలు. బీ లింఫోసైట్లు 5,000కి పైన మూడు నెలలైనా నిలవాలి. ఆ కణాల మీద సీడీ5, సీడీ19, సీడీ23 అనే గుర్తులు పాజిటివ్, సీడీ20 బలహీనంగా, కాపా లేదా లామ్డా అనే ప్రొటీన్ గొలుసుల్లో ఏదో ఒకటే కనపడాలి. స్మియర్‌లో (గాజు పలక మీద పరిచిన రక్తంలో) చితికిన స్మడ్జ్ కణాలు అనుమానం కలిగిస్తాయంతే. సీడీ23 నెగటివ్ అయితే మాంటిల్ సెల్ లింఫోమా అనే ఇంకో క్యాన్సర్ కాదని తేల్చుకోకుండా ముందుకెళ్లొద్దు, దాని దారే వేరు. 5,000 లోపుండి, బిళ్లలూ లక్షణాలూ లేకపోతే అది ఎంబీఎల్ (మోనోక్లోనల్ బీ-సెల్ లింఫోసైటోసిస్ అనే ముందు దశ), ఇంకా సీఎల్‌ఎల్ కాదు.

అపోహ: మెడలో బిళ్లలంటే టీబీయే.

మన దగ్గర టీబీ ఎక్కువే, ఒప్పుకుంటాం. అలాగని పరీక్ష లేకుండా ఆరు నెలల కోర్సు మొదలెడితే ఎలా? ముందు సీబీపీ చూడండి.

అంటుకుంటుందా? అంటుకోదు. బొప్పాయి ఆకు రసం తగ్గిస్తుందా? తగ్గించదు.

ఒక్క విషయంలో మాత్రం వచ్చే చెకప్ దాకా ఆగొద్దు. ఒకే బిళ్ల గబగబా పెరిగినా, రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ ఒక్కసారిగా ఎగబాకినా రిక్టర్ మార్పు (సీఎల్‌ఎల్ వేగంగా పెరిగే లింఫోమాగా మారడం) కావచ్చు. పెట్-సీటీ స్కాన్‌లో బాగా వెలిగిన బిళ్ల నుంచే బయాప్సీ తీయించాలి, చేతికి సులువుగా అందిన బిళ్ల నుంచి కాదు.