ఫిలిప్పీన్స్‌లో లేని ఫిలిప్పీన్స్ పిట్ట

బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకో, చేనిగట్టున ఈతమట్టకో సొరకాయల్లా వేలాడే గూళ్లు కనిపిస్తే అది గిజిగాడి పనితనమని మనకు ఇట్టే తెలిసిపోతుంది. దాని శాస్త్రీయ నామం ప్లోసియస్ ఫిలిప్పైనస్. శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతిది, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుది, రెండోది జాతిది. తెలుగువాళ్ల ఇంటిపేరు లాగే ప్రజాతి పేరు కూడా ముందే వస్తుంది.

రెండో మాటకు ఫిలిప్పీన్స్‌కు చెందినదని అర్థం. నిజానికి గిజిగాడు పాకిస్థాన్ నుంచి ఇండోనేషియా దాకా ఉంది కానీ, ఫిలిప్పీన్స్‌లో సహజంగా లేదు! 1760లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బ్రిసన్ తన దగ్గరున్న నమూనా అక్కడిదే అనుకుని వర్ణన రాశాడు. 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఆ పొరపాటునే పేరులో పెట్టి లోక్సియా ఫిలిప్పైనా అన్నాడు. లోక్సియా అంటే వంకర ముక్కు పిట్టల ప్రజాతి. ముక్కు లావుగా ఉన్న రకరకాల పిట్టలను అప్పట్లో అందులోనే వేసేవారు.

1816లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే ముక్కును కాక నేతను గుర్తుచేసే ప్రజాతి పేరు పెట్టాడు. ప్లోసియస్ అంటే గ్రీకులో నేతగాడు. నాకు ఇది చాలా నచ్చిన పేరు. ఈ మాట పుంలింగం కాబట్టి ఫిలిప్పైనా కాస్తా ఫిలిప్పైనస్ అయింది. వ్యాకరణం కోసం చివర మార్చవచ్చు గానీ, ఊరు తప్పని తెలిసినంత మాత్రాన పేరు మార్చకూడదు. ముందు పెట్టిన పేరుకే హక్కు. లేకపోతే శతాబ్దాల నాటి రాతల్లో ఏ పిట్ట ఏదో తేల్చుకోలేం.

కాలక్రమంలో ఈ ఇంటిపేరు కిందికి 60కి పైగా జాతులు చేరాయి. ఎక్కువ భాగం ఆఫ్రికావే. అవీ చాలావరకు పసుపు రంగువే, అవీ గూళ్లు అల్లేవే. అందుకే అన్నీ ఒకే ప్రజాతి అనుకున్నారు. 2017లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన ఈ నమ్మకాన్ని కదిలించింది. ఆఫ్రికా జాతులు మన గిజిగాడి కంటే అక్కడి అడవుల్లోని ఎరుపు, నలుపు మాలింబస్ పిట్టలకే దగ్గరి చుట్టాలట.

మరి విడదీస్తే ప్లోసియస్ పేరు ఎవరికి? ఎక్కువమంది ఉన్న వైపుకు కాదు. ప్రతి ప్రజాతి పేరూ ఒక ఆధార జాతికి ముడిపడి ఉంటుంది. ఆ జాతి ఎటు వెళ్తే పేరూ అటే. ప్లోసియస్‌కు ఆధార జాతి గిజిగాడే. కాబట్టి ఆసియాలోని ఐదు జాతులకే ఆ పేరు మిగులుతుంది. ఆఫ్రికా పిట్టలన్నీ ఇంటిపేరు మార్చుకోవాలి. గిజిగాడి పేరులో మాత్రం ఒక్క అక్షరమూ మారదు, ఫిలిప్పీన్స్‌తో సహా.