యెమెన్, ఎర్ర సముద్ర తీరపు ఒట్టోమాన్ నాణేలు: అపోహలు - వాస్తవాలు

పాత నాణేలు పరిశీలించి ఏ కాలానివో, ఎక్కడివో చెప్పడం నా పని. ఈ ప్రాంతం నాణేల విషయంలో తరచూ వినే మాటలివి.

అపోహ: నాణెం మీది సంవత్సరమే అది ముద్రించిన సంవత్సరం.

వాస్తవం: ఒట్టోమాన్ (తుర్కీ సామ్రాజ్యపు) నాణేల మీద ఎక్కువగా ఉండేది సుల్తాన్ గద్దెనెక్కిన హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరం. ఒట్టోమాన్ సుల్తాన్ సులేమాన్ కొట్టించిన సుల్తానీ అనే బంగారు నాణేన్నే తీసుకోండి. మూడున్నర గ్రాముల పల్చటి బిళ్ళ. బొమ్మ ఉండదు, రెండు వైపులా అరబ్బీ రాతే. ఒకవైపు నేల మీదా నీటి మీదా విజయం తనదేననే బిరుదు. రెండో వైపు సుల్తాన్ పేరు, తండ్రి పేరు, 'దురిబ ఫీ' (ఫలానా చోట ముద్రించినది), ఊరి పేరు, 926 అంకె. 926 అంటే మన లెక్కలో 1520. కానీ తుర్కులు యెమెన్‌లోని సనా నగరాన్ని పట్టుకున్నదే 1547లో! కాబట్టి సనా పేరు, 926 కలిసి కనిపిస్తే ఆ నాణెం 1547కీ, సులేమాన్ చనిపోయిన 1566కీ మధ్యది. ముందు ఊరి పేరు చదవండి, అంకెల సంగతి తర్వాత. ఊరి పేరు అరిగిపోయిన నాణేన్ని యెమెన్‌దని నేనైతే రాసివ్వను.

19వ శతాబ్దానికి వచ్చేసరికి పని సులువైంది. అబ్దుల్ హమీద్ నాణెంలో 1293తో పాటు విడిగా 11 అని ఉంటే, అది పాలనలో పదకొండో ఏడు. అంటే 1303, మన 1885-86.

అపోహ: తుర్కుల పాలన ఉన్నచోటల్లా తుర్కీ డబ్బే నడిచింది.

వాస్తవం: ఖజానా లెక్కలు వేరు, బజారు వేరు. యెమెన్ కాఫీ బజార్లలోనూ, ఎర్ర సముద్రానికి అవతలి ఒడ్డున (నేటి ఎరిత్రియాలో) ఉన్న మసావా రేవులోనూ జనం నమ్మింది ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మున్న వెండి థాలర్‌నే. 28 గ్రాములు. ఆమె 1780లో చనిపోయినా, అదే సంవత్సరం వేసి ముద్రిస్తూనే పోయారు. 1940-41లో బొంబాయి టంకశాల కూడా వీటిని కొట్టింది. రాణి భుజం మీది బ్రూచ్‌లో ముత్యాలు లెక్కపెట్టుకుని గానీ తీసుకోని వ్యాపారులుండేవారు. 1885లో మసావాను ఆక్రమించిన ఇటలీ తమ రాజు ఉంబెర్టో బొమ్మతో టాలెరో అనే నాణెం తెచ్చింది. జనం పెద్దగా పట్టించుకోలేదు.

అపోహ: హరార్ నాణేలు ఒట్టోమాన్‌వే, అరబ్బీ రాత ఉంది కదా.

వాస్తవం: కాదు. హరార్ నేటి ఇథియోపియాలోని నగరం. మహల్లక్‌లనే ఆ చిన్నచిన్న నాణేలు అక్కడి అమీర్లు (పాలకులు) సొంతంగా కొట్టించుకున్నవి.

అపోహ: రూపాయి మీద అరబ్బీ ముద్ర, 1307 అంకె ఉంటే తుర్కీ ముద్రే.

వాస్తవం: అది యెమెన్ తూర్పు ప్రాంతమైన హద్రమౌత్‌లోని ఖుఐతీ సుల్తానులది. థాలర్ల మీద, మన రూపాయల మీద కూడా వేశారు. ఆ వంశం వాళ్లు నిజాం సైన్యంలో జమేదార్లు. హైదరాబాద్ బార్కస్‌లో హద్రమీ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ఇలాంటి రూపాయి బయటపడితే ఆశ్చర్యమేం లేదు.

అపోహ: తళతళలాడితే ధర పెరుగుతుంది.

వాస్తవం: దయచేసి చింతపండుతో తోమకండి. ఆ 1307 ముద్ర అసలే లోతు తక్కువ, తోమితే ముందు పోయేది అదే.