చార్జింగ్ బండికి హెల్మెట్ ఎందుకు అనేటోళ్లకు: అపోహలు, వాస్తవాలు

హన్మకొండల ఒక హాస్పిటల్ క్యాజువాలిటీల స్టాఫ్ నర్సుగా చేస్తున్న. తలకు దెబ్బ తాకి వచ్చేటోళ్లల్ల ఇప్పుడు చార్జింగ్ బండ్లోళ్లు కూడా ఉంటున్నరు, వెంబడి వచ్చినోళ్లు చెప్పే మాటలేమో అందరియి ఒక్కతీర్గనే ఉంటయి, అందుకే రాస్తున్న.

అపోహ: "25 స్పీడ్ దాటని బండి, పడ్డా ఏమైతది?"

తల ఎంత ఎత్తు నుంచి పడ్డదన్నది కూడా లెక్కనే. స్కూటీ మీద కూసున్న మనిషి తల నేలకు దాదాపు ఐదడుగుల పైన ఉంటది. బండి ఆగి ఉన్నా సరే, అక్కడికెళ్లి తల సీదా సీసీ రోడ్డుకు తగిలితే గంటకు 20 కిలోమీటర్ల స్పీడ్‌తోని గుద్దుకున్నట్టు. ఇగ 25ల పోయి కరెంటు స్తంభానికి తల తాకితే ఎనిమిది అడుగుల ఎత్తు నుంచి పడ్డట్టు, అంటే ఇంటి సజ్జ మీదికెళ్లి కింద పడుడే. పైగా ఈ బండికి చప్పుడుండదు, గల్లీల పిల్లలు, కుక్కలు ఆఖరికి చూసి అడ్డమొస్తరు, సడెన్‌గ బ్రేక్ కొడితే ఇసుక మీద జారుతది.

"రిజిస్ట్రేషనే లేదు, హెల్మెట్ రూలు మాకు లేదు" అనేటోళ్లు మస్తుమంది. 250 వాట్ల లోపు మోటారు, 25 లోపు స్పీడ్ ఉన్న తేలిక బండ్లకు రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదన్నది నిజమే. అంతకు మించితే పెట్రోల్ బండి లెక్కనే, మోటారు వాహనాల చట్టం 129 సెక్షన్ కింద ఎనక కూసున్నోళ్లకు కూడా హెల్మెట్ ఉండాలె. కొందరు 25 దాటకుండ ఆపే స్పీడ్ లాక్ తీయించుకుని నడుపుతున్నరు, దయచేసి అట్ల చేయకుర్రి.

అపోహ: "రక్తం రాలే, మంచిగనే మాట్లాడుతుండు, ఏం కాలే."

అన్నిట్ల నన్ను భయపెట్టేది ఇదే. వానాకాలంల ఒకాయన పొద్దుగాల పాల ప్యాకెట్లకు పోయి ఇంటి మలుపు కాడ జారి పడ్డడు. లేశిండు, బండి లేపుకున్నడు, ఇంటికి పోయి చాయ్ తాగిండు, నెత్తి గుంజుతుందని పండుకున్నడు. పదకొండు గంటలకు బిడ్డ "బాపూ" అని లేపితే లేవలే. మా దగ్గరికి తెచ్చేసరికి టార్చ్ కొడితే ఒక కంటిపాప పెద్దగయ్యి వెలుతురుకు కదులుతలేదు. బయటికి కణత మీద బొప్పి తప్ప చుక్క రక్తం లేదు. కణత కాడ పుర్రె ఎముక పల్చగుంటది, దాని లోపలి దిక్కు ఒక రక్తనాళం అంటుకుని పోతది, ఎముక పగిలితే అది తెగి లోపల రక్తం గడ్డ కట్టుడు మొదలైతది, ఆ గడ్డ మెదడును ఒత్తేదాక మనిషి మామూలుగనే ఉంటడు. ఆపరేషన్ చేసిన్రు, బతికిండు. ఆధార్ కార్డు కోసం కొడుకు బండి డిక్కీ తెరిస్తే అందుల కొత్త హెల్మెట్ ఉన్నదట, ప్లాస్టిక్ కవర్ కూడా చింపలే.

తలకు దెబ్బ తాకినంక వాంతులు, పెరిగే నెత్తినొప్పి, మత్తు, మాట తడబడుడు, ఫిట్స్, చెవుల నుంచి నీళ్లో రక్తమో వచ్చుడు, వీటిల్ల ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయుర్రి, పండుకుంటే తగ్గుతదని చూడకుర్రి. రక్తం పల్చగయ్యే గోలీలు వేసుకునే పెద్దోళ్లకైతే చిన్న దెబ్బ తాకినా చూపించాలె, వాళ్లకు కొన్ని వారాల తర్వాత కూడా లోపల రక్తం చేరొచ్చు.

"అయ్యేదుంటే అయితది, హెల్మెట్ ఆపుతదా?" ఆపుతది. మోటార్‌సైకిల్ ప్రమాదాల మీద అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ 2008 సమీక్షల, హెల్మెట్ పెట్టుకున్నోళ్లకు చనిపోయే ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తక్కువని తేలింది.

అపోహ: "ఏదో ఒకటి నెత్తి మీద ఉంటే సాలు."

రోడ్డు పక్కన అమ్మే టోపీ లాంటిది కణతలను కప్పనే కప్పది. ఐఎస్ఐ మార్కు, హెల్మెట్లకుండే ఐఎస్ 4151 ప్రమాణం నంబరు చూసి కొనుర్రి. లోపల ఉండే థర్మాకోల్ నలిగి దెబ్బను తను తీసుకుంటది, ఒక్కసారి నలిగినంక మళ్ల పని చేయది, కాబట్టి గట్టిగ పడ్డ హెల్మెట్ పైకి మంచిగ కనవడ్డా మార్చాలె. గదువ కింద బెల్టు పెట్టకపోతే మనిషి కంటే ముందు హెల్మెట్ ఎగిరిపోతది.

ఇగ ముందర నిలవెట్టుకునే పిల్లలు. 9 నెలలు దాటి 4 ఏండ్ల లోపున్నోళ్లకు కూడా హెల్మెట్, నడిపేటోళ్లకు కలిపి కట్టే బెల్టు, 40 దాటని స్పీడ్ అని కేంద్రం రూలు 2023 నుంచి ఉన్నది. కొనేటప్పుడు పిల్లను వెంబడి తీసుకపోయి తలకు పెట్టి చూడుర్రి, బట్టలు కొన్నట్టు "పెరుగుతరు కదా" అని లూజుది తీసుకోవద్దు.